కొత్తకి దాచిన ఆట

మొన్న ఆదివారం బట్టలు ఆరేసి వచ్చి ఫోను తీసేసరికి ఓ మెయిలు ఉంది. ఫలానా కంప్యూటరు ఆటని మా అంగడిలో ఇకమీదట అమ్మడం లేదు, ఇప్పటికే కొనుక్కున్నవారు మాత్రం దించుకుని దాచుకోవచ్చు, అది మీ సొంతమే అని దాని సారాంశం. కింద ఓ బొమ్మ. మంచుకొండ, దాని మీద వీపున మూట కట్టుకుని చీమంత ఆడమనిషి, వెనకాలే ఓ మేక.

నేను ఆటలాడే మనిషిని కాదు. ఫోనులో రంగు గోళీలు పేల్చే ఆటే విసుగొచ్చి తీసేశాను. ఆ ఖాతా నా మెయిలు మీద ఉందన్న మాటేగాని, కొన్నదీ ఎదురుచూసిందీ అన్నీ అక్కే. అక్క పోయాక ఆ అంగడివాళ్ల మెయిళ్లు రాకుండా ఆపేద్దామని చాలాసార్లు అనుకున్నాను. చెయ్యి రాలేదు. అదిగో కొత్త ఆట, ఇదిగో పండగ తగ్గింపు అని వాళ్లు రాస్తూనే ఉంటారు, నేను చదవకుండా చెరిపేస్తూనే ఉంటాను. ఇదొక్కటీ చెరపలేదు.

అక్క అంటే నా తోడబుట్టింది కాదు. అరకు నుంచి జీపులో పైకి వెళ్లే ఓ కొండ ఊళ్లో సబ్‌సెంటరు నర్సమ్మ. ఆ ఊళ్లోనే పుట్టి, చదువుకుని, మళ్లీ ఆ ఊళ్లోనే ఉద్యోగం చేసిన మనిషి. నాది పార్వతీపురం దగ్గర పల్లం. ఆ కొండ మీది ఆశ్రమ పాఠశాలకి టీచరుగా వేశారని తెలిసినరోజు మా ఇంటికి చుట్టాలంతా పరామర్శకి వచ్చినట్టు వచ్చి వెళ్లారు. నేను కూడా ఏడుస్తూనే కొండెక్కాను. ఎక్కిన నెల తిరక్కుండా జ్వరం పట్టుకుంది.

బడి వెనక నాకిచ్చిన గదీ, అక్క ఇల్లూ పక్కపక్కనే. దుప్పటి కప్పుకుని వణుకుతుంటే తలుపు కొట్టకుండానే లోపలికొచ్చింది. పొట్టి మనిషి, మోచేతుల దాకా పచ్చబొట్లు, మెళ్లో గుర్తింపు కార్డు. నా వేలు పట్టుకుని సూదితో పొడిచి రక్తం చుక్క గాజు పలక మీద పూసుకుంది.

"పల్లపోళ్ల రత్తమంటే మా దోమలకి ఎంత రుసో. నీకు ముందొచ్చిన టీచరమ్మని కూడా ఇలాగే సేసినాయి" అంది. "బేగి తగ్గిపోతాదిలే. ఏడుత్తావేటి, ఇంత గుంటవి!"

నాకప్పుడు ముప్పై దాటాయి. అయినా ఆవిడకి చివరిదాకా గుంటనే, చిన్నపిల్లనే.

జ్వరం దిగాక ఓ సాయంత్రం గోడ పక్క నుంచి ఈదురుగాలి చప్పుడు వినబడింది. కిటికీలోంచి చూస్తే చెట్టు మీద ఆకు కదలడం లేదు. గాలి వెనకాలే మంచు మీద అడుగుల చప్పుడు, కరకరమని. ఏమిటా అని అక్క ఇంట్లోకి తొంగిచూశాను. చాప, చాప మీద పీట, పీట మీద ఓ పాత లాప్‌టాపు. దాని ముందు అక్క కాళ్లు ముడుచుకుని కూర్చుంది. పక్కన వాళ్లమ్మ, ఎనభై ఏళ్ల ముసలమ్మ, అడ్డపొగ చుట్ట పీలుస్తూ కళ్లార్పకుండా చూస్తోంది. తెర మీద ఆడమనిషి ఒకతె ఉప్పు మూట మోసుకుంటూ కొండెక్కుతోంది.

"పగలంతా ఎక్కిన కొండలు చాలలేదా అక్కా?" అన్నాను.

"ఈ కొండలెక్కితే మోకాళ్లు నొప్పెట్టవే."

ఆ లాప్‌టాపు కథ పెద్దదేం కాదు. రిపోర్టులన్నీ కంప్యూటరులో ఎక్కించాలని పైవాళ్లు ప్రాణం తీస్తుంటే విశాఖపట్నంలో ఎవరో వాడి అమ్మేసినది కొనుక్కొచ్చుకుంది. ఆ ఆట అందులోనే ఉండిపోయింది. ఏదో నొక్కబోయి దాన్ని నొక్కింది. ఇంక అంతే.

ఆ ఆటలో యుద్ధాలు లేవు, తుపాకులు లేవు. ఉప్పు మోసుకుంటూ ఓ లోయ నుంచి ఇంకో లోయకి పోవాలి. దారి తప్పితే వెనక్కి రావాలి. గుడిసె కనబడితే ఆగాలి. ఇందులో ఏముందో నాకెప్పుడూ అర్థం కాలేదు. అక్క ఆడే తీరు ఇంకా విచిత్రం. పరిగెత్తడానికి ఒక మీట ఉంది, దాన్ని ఛస్తే నొక్కదు. "బరువెత్తుకుని పరిగెడతారేటి ఎవులైనా?" అనేది. ఆ మనిషికి అలుపన్నది లేకపోయినా ప్రతి ఎత్తు దగ్గరా ఆపి మూట దింపించేది. ఆడే ముందు చేతులు కడుక్కుని, స్పిరిట్ దూదితో తెర తుడిచేది, ఎవరికో ఇంజక్షను చెయ్యబోతున్నట్టు. ముసలమ్మ మాత్రం అది ఎక్కడో నిజంగా ఉన్న ఊరనే నమ్మింది. "ఆ గుంటకి మొగుడు లేడేటి, అన్ని బరువులు ఆ గుంటే మోత్తాది" అని జాలిపడేది. ఆవిడ తన వయసులో కొండ దిగి సంతకి చింతపండు, కరక్కాయలు నెత్తిన మోసిన మనిషి. అక్క ఆట ఆడుతుంటే ఆవిడ కాళ్లు చాప మీద వాటంతటవే కదిలేవి.

నేను పెద్ద తెలివైనదాన్నని ఓసారి అక్క చేత ఇంకో ఆట కొనిపించాను. అప్పటికి నాకు అరకు బదిలీ అయింది, నా గదిలో నెట్టు ఉంది. సంత రోజున అక్క వచ్చినపుడు లాప్‌టాపులో ఎక్కించి ఆడించి మరీ పంపించాను. పై సంతకి లాప్‌టాపు సంచీలో వేసుకుని తిరిగొచ్చింది, మొహం మాడ్చుకుని. పైకి వెళ్లాక ఆట తెరుచుకోలేదట. ఇంటర్నెట్టుకి కలపండి, మీరు మీరేనని మేం చూసుకోవాలి అంటోందట. ఆ ఊళ్లో ఫోను సిగ్నలు కావాలంటే చింతచెట్టు దిబ్బ దాకా పోవాలి. అది కూడా మబ్బు పడితే లేదు.

"ఏటే ఇది? సంతలో కోడిని కొని ఇంటికి పట్టుకెల్తాను. కోసుకునేముందు అమ్మినోడొచ్చి సెలవియ్యాలేటి?"

నేను వెతికాను. దాన్ని డీఆర్ఎం అంటారని, అమ్మిన వస్తువుకి కంపెనీవాళ్లు వేసే తాళమని తెలిసింది. ఆ తాళం లేకుండా అమ్మే అంగడి కూడా ఒకటుందని తెలిసింది. అందులో కొంటే ఆట మొత్తం మన చేతికిచ్చేస్తారు. పెన్‌డ్రైవులో పెట్టుకుని ఏ కొండకైనా పోవచ్చు, నెట్టు అక్కర్లేదు. అక్క పాత ఆట కూడా అక్కడిదేనట. అదంతా అక్కకి చెప్పాను.

వాళ్ల ఊళ్లో తలుపులకి తాళాలుండవు. ఇంట్లో ఎవరూ లేనపుడు తలుపుకి అడ్డంగా ఓ కర్ర పెడతారు. కర్ర కనబడితే మనిషి లేడని, లోపలికి పోకూడదని. అంతే ఏర్పాటు.

"అయితే ఈళ్లు కర్ర అడ్డమెట్టారన్నమాట" అంది అక్క. "ఆళ్లేమో మన ఇంటికి తాళమేసి తాళంసెవి ఆళ్లకాడ ఉంచుకున్నారు."

ఆ తరవాత మా బడి గుమస్తా, తాళం లేదు కదా, నాకో కాపీ పెట్టివ్వండి నర్సమ్మగారూ అని అడిగాడు. అక్క అతన్ని ఎగాదిగా చూసింది. "కర్ర అడ్డమెట్టుందని ఇంట్లోకి దూరిపోతావేటి బాబూ?" అంది. అతనికి అర్థమయిందో లేదో గాని మళ్లీ అడగలేదు.

ఆ అంగడిలో ఖాతా తెరిచిన రోజే నేను చూశాను, ఆ ఉప్పు మూట ఆటకి రెండో భాగం వస్తోందని. ఎక్కడో చలిదేశంలో నలుగురైదుగురు కూర్చుని చేస్తున్నారు. ఓ నిమిషం వీడియో బొమ్మ కూడా పెట్టారు. అక్కకీ ముసలమ్మకీ చూపించడానికి అది ఫోనులోకి దించుకుని పనిగట్టుకుని కొండెక్కాను. ఈసారి ఆ ఆడమనిషి వెంట ఓ మేక ఉంది, మెళ్లో గంటతో. ముసలమ్మ అడ్డపొగ నోట్లోంచి తీసింది.

"మేకని కూడా తోలుకెల్తందా! మంచి పని సేసింది. పాలుంటాయి. ఎప్పుడొత్తాది?"

కాఫీ పళ్ల కోత నాటికని అక్కడ రాసి ఉంది, అంటే వాళ్లు రాసిన నెల మాకు కోత కాలం. అలాగే చెప్పాను. పళ్లు కోశారు, ఎండబెట్టారు, ఆట రాలేదు. కొంచెం ఆలస్యమవుతుంది, క్షమించండి అని మెయిలు వచ్చింది. మళ్లీ కాఫీ పూసింది. ఇంకొంచెం ఆలస్యమన్నారు, ఆ పై ఏడూ అదే మాట. ప్రతి సంతకీ అక్క నా గదికొచ్చి బుట్ట దింపగానే మొదటి మాట, "ఆళ్లేటైనా రాసేరా?" వాళ్లు రాసింది నేను తెలుగు చేసి చదివి వినిపించాలి. నాకు విసుగొచ్చేది. వారమంతా పిల్లలతో అరిచి గొంతు పోయి ఉన్న మనిషిని, ఎవరో దేశం కాని దేశంవాళ్లు మేక నడక సరిగ్గా కుదరడం లేదని రాస్తే అది అర్థం చెప్పుకుంటూ కూర్చోవడం నా కర్మ అనుకునేదాన్ని. అక్కకి మాత్రం విసుగు లేదు.

"కాన్పు కష్టంగా ఉన్నాది పాపం" అనేది. "తేదీ మనం ఏత్తాం. బిడ్డ ఆడికిట్టమైనపుడొత్తాడు. లాగితే సచ్చిపోతాడు."

ఆ ప్రకటనల కింద జనం బూతులు రాసేవాళ్లు. మోసగాళ్లన్నారు, దొంగలన్నారు, మేకని కోసుకు తినండన్నారు. అవి కూడా చదవమనేది. విని, "సదువుకున్నోళ్లేనా?" అని అడిగేది. ఓరోజు నువ్వు కూడా ఏదైనా రాయించు అక్కా అన్నాను. బుట్టలోంచి చిక్కుళ్లు తీసి నా గిన్నెలో పోస్తూ ఆలోచించింది.

"మెల్లగా సెయ్యండి, మేం ఉంటాం అని రాయి."

రాశాను. ఆ బూతుల మధ్య ఆ ఒక్క ముక్క ఎవరైనా చదివారో లేదో తెలియదు.

మేం ఉంటాం అన్నదిగాని ముసలమ్మ ఉండలేదు. ఆ వానాకాలం దగ్గుతో మొదలై వారంలో పోయింది. నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. అక్క గుమ్మంలో కూర్చుని ఉంది. ఏడవడం లేదు. నన్ను చూసి, "మంచం మీద కూడా అడిగినాదే, మేకొచ్చిందా అని" అంది. నేను పక్కన కూర్చున్నాను. ఏం చెప్పినా ఆ వానలో వినబడేది కాదు.

తరవాత అక్క కళ్లు మొదలయ్యాయి.

ఊరందరికీ వేలు పొడిచి షుగరు చూసిన మనిషి తన వేలు పొడుచుకోలేదు. ఓ పసిపిల్లకి టీకా వెయ్యబోతే చోటు కనబడక చెయ్యి ఆగిపోయిందట. అప్పుడు చెప్పింది నాకు. విశాఖపట్నం తీసుకెళ్లాను. కంటి వెనక పొరలో రక్తం కారి గడ్డకట్టిందన్నారు. ఎడమ కన్ను పోయినట్టే, కుడి కన్ను ఎన్నాళ్లుంటుందో చెప్పలేమన్నారు. కంట్లో సూదులు వేయించుకుంటూ నెలనెలా రైల్లో వచ్చిపోయేవాళ్లం. బొర్రా దాటాక ఒకదాని వెనక ఒకటి సొరంగాలు. పెట్టెలో చీకటి పడగానే అక్క నా చెయ్యి పట్టుకుని, "సొరంగమే కదే?" అని అడిగేది. అవునక్కా అనేదాన్ని. అంత ధైర్యంగల మనిషి అలా అడగడం నాకు నచ్చేది కాదు. చాలా బాధగా ఉండేది.

"ఆళ్లని బేగి రమ్మనవే" అంది ఒకసారి, టైడా స్టేషనులో రైలు ఆగినపుడు. నవ్వుతూనే అంది. "ఇన్నాళ్లూ కాన్పు, కాన్పు అన్నాను గాని ఇపుడు లాగెయ్యాలనిపిత్తంది."

నేనప్పుడే ఫోను తీశాను. వాళ్లకి నీ కంటి సంగతి రాస్తానక్కా, ఇలాంటివాళ్లకి ముందే ఇస్తారేమో అన్నాను. ఫోను లాగేసుకుంది.

"రోగం సూపించి అడుక్కోడమేటి? మానం తీత్తావా?"

రాయలేదు. ఇంకో కోత వచ్చింది, ఇంకో పూత వచ్చింది. చివరికి తేదీ చెప్పారు. ఈసారి నిజమే. అయితే అడుగున ఒక ముక్క ఉంది. డబ్బు పెట్టినవాళ్ల షరతు ప్రకారం మొదట తాళం ఉన్న పెద్ద అంగడిలోనే వస్తుంది, తాళం లేనిది కొన్ని నెలల తరవాత. చేసినవాళ్లు దానికి మళ్లీ క్షమాపణ. జనం మళ్లీ బూతులు. ఈసారి నాకూ రెండు ముక్కలు రాయాలనిపించింది.

"నెలలు నీకు లేవక్కా" అన్నాను మొహమాటం లేకుండా. "నా గదికి వచ్చెయ్. ఇక్కడ నెట్టుంది, తాళమైనా తెరుచుకుంటుంది. కన్నుండగా చూసెయ్. ఇంత ఎదురుచూసి ఇప్పుడు పట్టుదలకి పోతే ఎవరికి నష్టం?"

"పట్టుదల కాదే. అమ్మ అరకు రాదు కదా."

నాకు అర్థం కాలేదు. అక్క చెప్పింది. వాళ్లలో ఏ పంటయినా, ఏ పండయినా కొత్తగా వచ్చినపుడు ఎవరూ ముట్టరు. ఊరి పెద్దలూ పూజారీ కూర్చుని రోజు చెబుతారు. ఆ రోజు ఇంట్లో పెద్దల మూలలో, పోయినవాళ్లకి మొదట పెట్టి అప్పుడు తింటారు. దాన్నే కొత్త అంటారు. మామిడికి కొత్త, చిక్కుడుకి కొత్త, కొర్రకి కొత్త. కొత్త పెట్టకుండా చెట్టు కింద రాలిన మామిడికాయని పసిపిల్లలు కూడా కొరకరు. ఆ మేకని చూడాలని మంచం మీద అడిగిన మనిషి ఆ మూలలో ఉంది. ఆవిడకి పెట్టకుండా అక్క చూడదు. ఆ ఇంట్లోనే పెట్టాలి, అరకులో నా గదిలో కుదరదు. ఆ ఇంట్లో తాళం ఆట తెరుచుకోదు.

"నర్సువి కదా నువ్వు!" అన్నాను. "ఊరందరికీ మూఢనమ్మకాలు వద్దని చెప్పే మనిషివి."

"నర్సునే. సూదులు, మందులు అన్నీ నమ్ముతాను. అయితే మాత్రం అమ్మకెట్టకుండా తింటానేటి?"

తాళం లేనిది వచ్చేదాకా ఆగడానికే ఒప్పుకున్నాను.

తాళం లేనిది మాఘం చివర వచ్చింది. ఆ పూట సెలవు పెట్టి దించాను. నెట్టు నత్తనడక నడుస్తుంటే మధ్యలో కరెంటు పోకూడదని అన్ని దేవుళ్లకీ మొక్కాను. పెన్‌డ్రైవులో పెట్టుకుని సాయంత్రం జీపు పట్టుకుని ఎక్కాను. అక్క దాన్ని అరచేతిలో పెట్టుకుని వేలితో తడిమింది. కుడి కన్ను అప్పటికి పనిచేస్తోంది, సాలెగూడు అడ్డమొచ్చినట్టుందనేది, అయినా మనుషుల్ని పోల్చుకునేది. లాప్‌టాపులో ఎక్కించాను. బాగానే ఎక్కింది. ఇంక ఒక్క మీట నొక్కితే చాలు.

"మూసెయ్" అంది అక్క. "మామిడి కొత్తకి తెరుద్దాం."

మామిడి కొత్త అంటే ఇంకా నెలకు పైనే. నాకు ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను. మూర్ఖురాలివన్నాను, చచ్చినవాళ్ల కోసం బతికున్న కన్ను పోగొట్టుకుంటావా అన్నాను. రేపు పొద్దున్నే నువ్వే ఒక దొప్పలో ఇంత అన్నం పెట్టి కొత్త అయిందనుకో, ఎవరొద్దంటారు అన్నాను. అక్క తనే లాప్‌టాపు మూత వేసేసింది.

"ఎవులికి వాళ్లు రోజు సెప్పుకుంటే కొత్తెలాగవుతాదే? ఊరందరి పెద్దలూ ఒక్కరోజే తింటారు. మాయమ్మొక్కర్తీ ముందు కూకుని తింటాదా?"

జీపు వెళ్లిపోయింది, ఆ పూట అక్కడే పడుకుని పొద్దున్న దిగిపోయాను. పై నెల కంటి సూదికి వెళ్లాల్సిన వారం ముందు ఆ కుడి కంట్లో కూడా రక్తం కారింది. పొద్దున్న లేచేసరికి అంతా ఎర్రటి మసకట, మధ్యాహ్నానికి అది నలుపయిందట. విశాఖపట్నంలో పెద్ద డాక్టరు చూసి ఫైలు మూసి నా చేతికిచ్చాడు. తిరిగొచ్చేటపుడు సొరంగాల్లో అక్క నా చెయ్యి పట్టుకోలేదు.

మామిడి కొత్త రోజున నేను వెళ్లకుండా ఉందామనే అనుకున్నాను. వెళ్లి చెయ్యగలిగిందేమీ లేదు. అయినా కాళ్లు జీపు దగ్గరికి తీసుకెళ్లాయి. ఊరంతా పుల్లటి మామిడి వాసన, ఎక్కడో డప్పు. అక్క స్నానం చేసి ఉతికిన చీర కట్టుకుని, గోడ పట్టుకుని తిరుగుతూ అన్నీ తనే సర్దుకుంది. పెద్దల మూలలో అడ్డాకు దొప్పల్లో అన్నం, మామిడి ముక్కలు. వాటి పక్కన పీట మీద లాప్‌టాపు. చూడ్డానికొచ్చిన పక్కింటి ముసలాయన దాన్ని చూసి, "ఇది కూడా కొత్తేనా?" అన్నాడు. "కొత్తే మావా, నాలుగేళ్లు కాసి కాసి ఇపుడు పండినాది" అంది అక్క. ఆయన సరేనని తలూపి మామిడి ముక్క నోట్లో వేసుకుని వెళ్లిపోయాడు.

"తెరువ్" అంది నాతో.

తెరిచాను. ముందు గాలి. తరవాత అడుగులు. వాటి వెనకాల సన్నగా మేక గంట. అక్క మెడ చాచింది.

"మేకే కదే?"

"మేకే అక్కా. తెల్లగా ఉంది. చెవులు నలుపు."

మూల వైపు తిరిగి, "అమ్మా, వచ్చింది" అంది. చాలా మామూలుగా, వంట గదిలో ఉన్న మనిషికి చెప్పినట్టు. నేను మొహం తిప్పుకున్నాను. ఆ నాలుగేళ్ల మెయిళ్లూ, ఆ రైళ్లూ, ఆ సూదులూ అన్నీ ఒక్కసారి మీద పడ్డట్టయింది.

"ఊఁ, నడు" అంది అక్క. "ఆగిపోయావేటి?"

ఆడటం నాకెక్కడొచ్చు? మొదట్లోనే ఓ వాగు. అడ్డంగా రాళ్లున్నాయి, వాటి మీదుగా దాటాలి. మొదటి రాయి మీదే జారి నీళ్లలో పడ్డాను. ఆట మళ్లీ ఒడ్డున నిలబెట్టింది. మళ్లీ పడ్డాను. మేక దాటేసి అవతల నిలబడి అరుస్తోంది. చూసినవన్నీ చెబుదామనుకున్నాను గాని కొండ ఇలా ఉంది, మంచు అలా ఉంది అని రెండు ముక్కలకే నా మాటలు అయిపోయాయి. పిల్లలకి పాఠం చెప్పినట్టుంది. అక్క చెయ్యెత్తి ఆపింది. "సెప్పకు. నడు. నాను వింటాను" అంది.

ఎంతసేపో అలాగే పడుతూ లేస్తూ ఉన్నాను. వేళ్లు నొప్పెట్టాయి. అక్క గోడకి చేరబడి కళ్లు మూసుకుంది. మొహంలో ఏమీ తెలియడం లేదు. బాగుందనుకుంటోందో, కుమిలిపోతోందో పోల్చుకోలేకపోయాను. బయట డప్పు ఆగిపోయింది, జనం భోజనాలకి కూర్చున్నట్టున్నారు.

"ఎంత దూరమొచ్చాం?" అని అడిగింది.

నేను ఆ మొహం చూసి, "కనుమ దాటేశాం అక్కా, అవతల లోయలోకి దిగుతున్నాం. ఎంత బాగుందో" అన్నాను.

అక్క నవ్వింది. ముసలమ్మ పోయాక ఆవిడ అలా నవ్వగా నేను చూడలేదు.

"అబద్దాలకోరు గుంటా. నీళ్ల సప్పుడు ఇంకా ఎడం పక్కనే ఉన్నాది."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడ్చేశాను కూడా, దాచుకోకుండా. మీట మీంచి చేతులు తీసేసి, నా వల్ల కాదక్కా, నాకు రాదు, ఒక్క వాగు దాటలేకపోతున్నాను, నిన్ను ఇక్కడే కూర్చోబెట్టేశాను అన్నాను. అక్క చెయ్యి చాచి గాల్లో తడుముకుని నా భుజం పట్టుకుంది. అక్కణ్ణుంచి కిందికి దిగి నా వేళ్లు దొరకబుచ్చుకుని తీసుకెళ్లి మళ్లీ మీటల మీద పెట్టింది.

"ఏడుత్తావేటే. నాకిపుడు తొందరేటున్నాది? పడితే పడ్డావు. మూట దింపి, కాసేపు నిలబడి, అపుడెళ్లు."